త్రిలోకనాథుడికి పూజారి లామా

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో, చంద్రభాగ లోయకు పైన త్రిలోకనాథ్ అనే చిన్న గుడి ఉంది. లోపల ఆరు చేతుల తెల్ల పాలరాతి మూర్తి. వచ్చినవాళ్లలో కొందరు శివుడని దండం పెడతారు, కొందరు బౌద్ధుల కరుణామూర్తి, బోధిసత్వుడు అవలోకితేశ్వరుడని సాష్టాంగపడతారు. పూజ చేసేది మాత్రం బౌద్ధ లామా. రెండు మతాలకు రెండు గదుల్లేవు, వంతుల్లేవు. అందరూ ఒకే గడప దాటి లోపలికి వెళ్తారు.

ఇలాంటి చోట్లకు ఇప్పుడు విద్యాయాత్రల పేరుతో టూర్లు నడుస్తున్నాయి. కాలేజీ పిల్లలు, రిటైరైన ఉద్యోగులు, ధ్యానం నేర్చుకుంటున్న విదేశీయులు, ఇలా రకరకాల గుంపులు వస్తాయి. గైడ్ గుంపు ముఖం చూస్తాడు. బొట్లు, రుద్రాక్షలు కనిపిస్తే శివుడి కథ మొదలుపెడతాడు. చేతిలో టిబెటన్ జపమాల కనిపిస్తే బోధిసత్వుడి కథ అందుకుంటాడు. అతను ఎవరికీ అబద్ధం చెప్పడు. ప్రతి గుంపుకూ సగమే చెబుతాడు, అంతే. డబ్బులిచ్చినవాళ్లు సంతోషంగా వెళ్తారు, తాము ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఏం నమ్మారో దానికి ఒక ఫొటో జతచేసుకుని.

దీన్ని యాత్ర అంటే నాకు అభ్యంతరం లేదు. చదువు అంటేనే ఇబ్బంది. చదువుకోడానికి వెళ్లినవాడికి దక్కాల్సింది ఆ రెండో సగం.

టూరు కరపత్రాలు చూడండి. బౌద్ధ సర్క్యూట్ ఒక పేజీ, దేవభూమి యాత్ర ఇంకో పేజీ. అమ్మకానికి ఈ విభజన సుఖంగా ఉంటుంది. హిమాలయాల్లో మాత్రం నిలవదు. ఒక లోయకు బయటి ప్రపంచంతో ఉన్న దారి ఒకటో రెండో కనుమలు. ఉప్పు, ఉన్ని కిందికి, ధాన్యం పైకి మోసిన వర్తకులు, సన్యాసులు, లామాలు, రాజుల సైన్యాలు అదే దారిలో నడిచారు. జనం తక్కువ, శీతాకాలం పొడవు. మూడు ఇళ్లకో గుడి కట్టుకునే స్తోమత ఎవరికీ లేదు. కొత్త నమ్మకం వచ్చినప్పుడు పాత రాయినీ పాత ఊటనీ వదిలేయకుండా దానికే ఇంకో పేరు పెట్టుకున్నారు. ఇక్కడి గుళ్లు రెండు పేర్లతో ఉండటానికి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం.

కాఠ్మండూ లోయకు వెళ్తే ఇది ఇంకా గట్టిగా తెలుస్తుంది. పాటన్‌లో ఏటా ఎత్తైన రథం మీద ఊరేగే ఎర్రటి దేవుణ్ని హిందువులు మచ్ఛింద్రనాథుడంటారు, బౌద్ధులు కరుణామయుడైన అవలోకితేశ్వరుడంటారు, స్థానిక నేవార్లు బుంగద్యః అంటారు. వాన కోసం అందరూ ఆయన్నే అడుగుతారు. స్వయంభూ స్తూపం పక్కనే హారీతి అనే దేవత గుడి ఉంది. బౌద్ధులకు ఆమె పిల్లల్ని కాచే హారీతి, హిందువులకు మశూచి తల్లి శీతల. పిల్లవాడికి జ్వరం వస్తే ఇద్దరు తల్లులూ అదే మెట్లెక్కుతారు.

అదే లోయలో చోభార్ దగ్గర బాగ్మతి నది ఇరుకైన గండిలోంచి బయటికి పోతుంది. లోయంతా ఒకప్పుడు సరస్సు అని, మంజుశ్రీ అనే బోధిసత్వుడు కత్తితో కొండను నరికి నీళ్లు వదిలేశాడని బౌద్ధుల కథ. హిందువుల కథల్లో ఆ పని కృష్ణుడిది, కొన్నిటిలో ఆయన కొడుకు ప్రద్యుమ్నుడిది. భూగర్భ శాస్త్రవేత్తలు కూడా అక్కడ సరస్సు ఉండేదనే అంటారు. ఆ సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి మట్టి మీదే నగరం లేచింది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు లోయ అంతలా ఊగడానికి ఆ మట్టి కూడా ఒక కారణం. ఆ గండి ముందు నిలబెట్టి ఈ మూడు సంగతులూ ఒకే గంటలో చెప్పగలిగినవాడు నా లెక్కలో మంచి గైడ్. ఏది నిజమో తేల్చాల్సిన పని అతనికి లేదు. ఏది ఏ రకం మాటో విడదీసి చూపిస్తే చాలు.

ముక్తినాథ్ దగ్గర ఇంకాస్త ఆగాలి. నేపాల్‌లోని ముస్తాంగ్ జిల్లాలో, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. వైష్ణవులకు 108 దివ్యదేశాల్లో ఒకటి. తిరుమంగై ఆళ్వార్ పాశురాల్లో సాలగ్రామం అనే పేరుతో వస్తుంది. గుడి చుట్టూ గోడలోంచి 108 ధారలు పడుతుంటాయి, ఎద్దు మొహాల నోళ్ల నుంచి. టిబెటన్ బౌద్ధులు ఈ చోటును చుమిగ్ గ్యాత్సా అంటారు, నూటికి పైగా ఊటలున్న చోటు అని అర్థం. టిబెట్‌లో బౌద్ధాన్ని నిలబెట్టిన గురువు పద్మసంభవుడు అక్కడికి వెళ్తూ ఇక్కడ ధ్యానం చేశాడని వాళ్ల నమ్మకం. లోపలి మూర్తి హిందువులకు విష్ణువు, బౌద్ధులకు అవలోకితేశ్వరుడు. ఈ చోటును చూసుకునేవాళ్లలో బౌద్ధ సన్యాసినులు ఉన్నారు.

కాస్త కిందికి దిగితే జ్వాలామాయి. చిన్న గోంపా, అంటే బౌద్ధ మఠం, లోపల బలిపీఠం కింద చీకట్లో సన్నని నీలి మంట, దాని దగ్గరే గలగలమని నీళ్ల చప్పుడు. నీటి మీద బ్రహ్మ వెలిగించిన అగ్ని అని హిందువులంటారు. భూమిలోంచి ఊరే సహజవాయువు అది. దాన్ని కాపాడుతున్నది ఆ సన్యాసినులే. చాలా గుంపులు ప్రధాన గుడి చూసి, ధారల కింద పరుగెత్తి తడిసి, చలికి వణుకుతూ జీపెక్కేస్తాయి. జ్వాలామాయి దాకా వచ్చేవాళ్లు తక్కువ, ఆ సన్యాసినితో రెండు మాటలు మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ.

ఆ కిందే కాలీగండకి నది. ఒడ్డున దొరికే నల్లటి సాలగ్రామాల్లో చక్రాల గుర్తులుంటాయి. అవి అమ్మోనైట్లనే సముద్ర జీవుల శిలాజాలు. హిమాలయాలు లేవక ముందు ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేది. ఇది చెబితే భక్తుడు నొచ్చుకుంటాడేమో అని చాలామంది గైడ్లు దాటేస్తారు. ఆ భయం అనవసరం. సాలగ్రామాన్ని పూజించే కుటుంబాల్లో ఏ చక్రం ఎటు తిరిగింది, ఎన్ని వలయాలున్నాయి, దాన్నిబట్టి అది ఏ మూర్తి అని రాతిని తిప్పి తిప్పి చూసే సంప్రదాయం ఎప్పటినుంచో ఉంది. శాస్త్రవేత్త భూతద్దంలో చూసేదీ అవే గీతల్ని. కోట్ల ఏళ్ల కిందటి సముద్రం తన అరచేతిలో ఉందని తెలిస్తే భక్తి ఎందుకు తగ్గుతుంది?

పర్వతం గురించి కూడా సగమే చెబుతారు. దాదాపు 820 మీటర్ల ఎత్తున్న పోఖరాలో పొద్దున టిఫిన్ చేసి, హెలికాప్టర్‌లో ముక్తినాథ్ వెళ్లి, మధ్యాహ్నానికి దిగిపోయే టూర్లున్నాయి. శరీరం 2,900 మీటర్లు ఎక్కిందన్న సంగతి పర్సుకు తెలుస్తుంది, ఊపిరితిత్తులకు తెలియదనుకుంటారు. తెలుస్తుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంక ఎక్కకూడదు. నడకలో తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగాలి. రాత్రయినా సరే.

ఆగాల్సిన ఆ రోజుల్ని టూరు కంపెనీలు ఖర్చుగా చూస్తాయి. నాకు మాత్రం అవే తరగతి గది. గుంపు కదలకుండా కూర్చునే ఒక పూట దొరికితేనే లామాను పిలిచి మాట్లాడించొచ్చు, ఊరి ముసలాయనతో కథ చెప్పించొచ్చు. కైలాస మానససరోవర యాత్రను లిపులేఖ్ కనుమ మీదుగా ప్రభుత్వమే నడుపుతుంది. ముందు ఢిల్లీలో వైద్య పరీక్షలు చేస్తారు, మళ్లీ దారిలో గుంజి దగ్గర చేస్తారు. పాసవ్వకపోతే అక్కడి నుంచే వెనక్కి. కఠినంగా అనిపిస్తుంది కానీ పర్వతం గురించి మొదటి పాఠం అదే. 2020 నుంచి ఆగిపోయి 2025లో మళ్లీ మొదలైన ఆ యాత్రకు ఆ ఏడు ఎంపిక చేసింది లిపులేఖ్, నాథూ లా దారులు రెండిటికీ కలిపి 750 మందిని మాత్రమే.

యాత్రికుడు, విద్యార్థి వేరు వేరు మనుషులని మనం ఈమధ్యే అనుకోవడం మొదలుపెట్టాం. ఉత్తరాఖండ్ కుమావూలోని మిలం ఊరి నైన్ సింగ్ రావత్‌ది మరీ విచిత్రమైన కేసు. 1865–66లో యాత్రికుడి వేషంలో కాఠ్మండూ నుంచి లాసా దాకా నడిచి, మానససరోవరం మీదుగా వెనక్కి వచ్చాడు. బౌద్ధ జపమాలలో 108 పూసలుంటాయి, ఆయన మాలలో 100. వంద అడుగులకో పూస జరుపుతూ టిబెట్ దారుల్ని కొలిచాడు. రాసుకున్న కాగితాలు ప్రార్థనా చక్రంలో దాచాడు. నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో చూసి లాసా ఎత్తు లెక్కగట్టాడు. అది గూఢచర్యమే, బ్రిటిష్ సామ్రాజ్యం కోసం చేసిన పనే. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. కానీ అడుగు అడుగునా లెక్కపెడుతూ నడిచినవాడికి ఆ దారి ఎంత తెలిసి ఉంటుందో హెలికాప్టర్ కిటికీలోంచి చూసేవాడు ఊహించుకోవాల్సిందే.

ఇక గైడ్లు బాగా తడబడేది బదరీనాథ్ దగ్గర. గర్భగుడిలోని నల్లరాతి మూర్తి పద్మాసనంలో ధ్యానంలో ఉంటుంది. నదిలో పడి ఉన్న మూర్తిని ఆది శంకరులు వెలికితీసి ప్రతిష్ఠించారని సంప్రదాయం. అంతకుముందు అది బౌద్ధ క్షేత్రమన్న వాదన పాతదే. 2023లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక రాజకీయ నాయకుడు ఆ మాట అనేసరికి పెద్ద గొడవైంది. అప్పటినుంచి గైడ్లకు ఈ ప్రశ్న అంటేనే టెన్షన్. కొందరు విననట్టు నటిస్తారు, కొందరు గుంపుకు నచ్చే పక్షం తీసుకుంటారు. నిజానికి చెప్పడం అంత కష్టం కాదు. పద్మాసనంలో కూర్చున్న మూర్తి బుద్ధుడు కావచ్చు, జైన తీర్థంకరుడు కావచ్చు, యోగ నారాయణుడు కావచ్చు. భంగిమ ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. సంప్రదాయ కథ ఒక రకం ఆధారం, శిల్పం ఒక రకం, శాసనం ఇంకో రకం. ఏది ఎంత బరువు మోయగలదో విద్యార్థులనే వాదించుకోనివ్వండి. ఆ వాదన అక్కడే, మంచు కొండ కింద జరిగితే జీవితాంతం గుర్తుంటుంది.

కేదార్‌నాథ్‌లో 2013 జూన్ 16, 17 తేదీల్లో వరద వచ్చినప్పుడు గుడి వెనక ఒక పెద్ద బండ అడ్డంగా ఆగి ప్రవాహాన్ని చీల్చింది. దానికి ఇప్పుడు భీమశిల అని పేరు. గైడ్లు అది తప్పకుండా చూపిస్తారు. చూపించాల్సిందే. ఆ నీళ్లు ఎక్కడివి, పైన చోరాబారి సరస్సు గట్టు ఎందుకు తెగింది, నది విడిచిన మేటల మీద అన్ని కట్టడాలు ఎలా వచ్చాయి అని పైకి వేలు చూపించేవాళ్లు మాత్రం అరుదు. బదరీనాథ్ దారిలోని జోషీమఠ్‌దీ అదే కథ. శంకరుల పీఠం ఉన్న ఆ ఊరు పాత కొండచరియల శిథిలాల మీద ఉందని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. 2023 జనవరికి ఇళ్ల గోడలు బీటలు వారాయి. ఆ దారిన పోతూ ఈ మాట చెప్పని టూరును ఎవరైనా విద్యాయాత్ర అని అమ్మితే నేనైతే డబ్బు వెనక్కి అడుగుతాను.

2023 ఏప్రిల్ నుంచి నేపాల్‌లో విదేశీ ట్రెక్కర్లకు గైడ్ తప్పనిసరి అన్నారు. భద్రతకు అది మంచిదే కావచ్చు. పక్కన మనిషిని పెట్టింది గానీ, ఆ మనిషి రెండో సగం కూడా చెబుతాడని నిబంధన హామీ ఇవ్వదు. నా ఓటు మైకు పట్టుకున్న పెద్ద గైడ్ కంటే ఆ గుడిని రోజూ ఊడ్చే మనిషికే. త్రిలోకనాథ్ లామా, జ్వాలామాయి సన్యాసిని టూరు ఖర్చులో గురువులుగా లెక్కకు రావాలి, వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వాలి, మాట్లాడటం ఇష్టం లేదంటే వదిలేయాలి. హిమాచల్‌లోనే స్పితిలో ఉన్న తాబో మఠంలో 996లో కట్టిన మట్టి గుడి ఉంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. మసక చీకట్లో కళ్లు అలవాటుపడేదాకా నిలబడితే గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఐదు నిమిషాల్లో తోలుకుపోయే గుంపుకు అక్కడ కనిపించేది నలుపు మాత్రమే.

ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు పేర్ల గుడి కనబడగానే మతసామరస్యం అని చప్పట్లు కొట్టేయడం కూడా సగం కథే. హిమాచల్‌లోని మండీ జిల్లా రేవాల్సర్‌లో ఒకే సరస్సు చుట్టూ పద్మసంభవుడి గోంపాలు, లోమశ మహర్షి గుడి, గురు గోవింద్ సింగ్ పేరున గురుద్వారా ఉన్నాయి. మూడు కథలకూ ఒకదానితో ఒకటి పనే లేదు. బౌద్ధుల కథలో అయితే స్థానిక రాజే పద్మసంభవుణ్ని సజీవంగా కాల్చబోతాడు, ఆ చితే సరస్సైంది. పక్కపక్కన ఉన్నారంటే అన్నీ ఒప్పుకున్నారని కాదు.

కైలాసం దగ్గర ఇది మరీ స్పష్టం. హిందువులకు శివుడి నివాసం, టిబెటన్ బౌద్ధులకు చక్రసంవరుడనే తాంత్రిక దేవుడిది, జైనులకు ఋషభదేవుడు నిర్వాణం పొందిన అష్టాపదం, టిబెట్ పాత మతమైన బోన్‌ను నమ్మేవాళ్లకు వాళ్ల తిసే పర్వతం. ఈ కొండ కోసం బౌద్ధ యోగి మిలరేపా, బోన్ గురువు నారో బోన్‌చుంగ్ మంత్రశక్తితో పోటీపడ్డారని బౌద్ధులు కథ చెబుతారు. సుమారు 52 కిలోమీటర్ల ప్రదక్షిణను హిందువులు, బౌద్ధులు కుడివైపుగా చేస్తారు, బోన్ మతస్థులు ఎడమవైపుగా. 5,600 మీటర్లు దాటిన డోల్మా లా కనుమ వైపు ఎక్కుతుంటే వాళ్లు ఎదురుగా దిగి వస్తుంటారు. గుంపులో ఎవరో ఒకరు 'అదేంటి, వీళ్లు దారి తప్పారా?' అని తప్పకుండా అడుగుతారు. ఆ ఎత్తులో గైడ్‌కు జవాబు చెప్పే ఊపిరి ఉండదు, అడిగినవాడికి వినే ఓపికా ఉండదు. నడక మొదలుకాక ముందు, దార్చెన్‌లో ఆగిన రాత్రే అది చెప్పేసి ఉండాలి.