జన ఉన్న పులసకే డిమాండ్ అట!

ఇందాకే మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫొటో పడింది. అరిటాకు మీద పులస, పొట్ట చీల్చి, లోపల జన, అంటే గుడ్లు, నిండుగా కనిపించేలా పెట్టారు. కింద "యానాం నుంచి స్పెషల్‌గా తెప్పించా. 22 వేలు. జన ఫుల్!" అని రాశారు. పెట్టింది మా బావగారు. ఇక చూడాలి, నోరూరుతున్న ఎమోజీలు, "అదృష్టవంతులు", "పుస్తెలమ్మైనా పులస తినాలి". నేను ఒకే ఒక్క మాట రాశాను. "గుడ్లు పెట్టడానికి నదిలోకొచ్చిన చేపని గుడ్లతో సహా తినేస్తే రేపు ఎక్కణ్ణుంచి వస్తాయి బావగారూ?" అని. అంతే. "ఏమ్మా, భోజనం దగ్గర కూడా క్లాసేనా?" అని ఆయన. "సముద్రమేమైనా ఖాళీ అయిపోతుందా వదినా" అని మా ఆడపడుచు. మా ఆయన చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, నోరు మాత్రం పెగల్లేదు. అక్కడ ఊరుకున్నాను గానీ ఇక్కడ ఊరుకోను.

సముద్రం ఖాళీ అవుతుందని నేనెప్పుడన్నాను? సమస్య అదే అయితే చిన్నపిల్లలకైనా అర్థమయ్యేది. పెద్ద చేపల్ని ఏరి ఏరి పట్టేస్తే, మిగిలిన చేపల సంఖ్య ఒక ఏడాది ఆకాశంలో, ఒక ఏడాది పాతాళంలో ఉంటుంది. ఇది నా పైత్యం కాదు. తైవాన్‌కి చెందిన షే చి-హావో అనే సముద్ర జీవావరణ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి 2006లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వేసిన పరిశోధన. కాలిఫోర్నియా తీరంలో సార్డీన్లు, అంటే మన కవళ్ల చుట్టాలు, 1930ల్లో లక్షల టన్నుల్లో పడేవి. 1940ల చివరికి కుప్పకూలాయి. చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. "ఎందుకిలా అయింది?" అని 1949 నుంచి ఓడల మీద వెళ్లి, సన్నటి వలలతో ప్లాంక్టన్ (నీటి వాలుకి కొట్టుకుపోయే చిన్నచిన్న జీవులు) తోడి, అందులోని చేప గుడ్లూ పిల్లలూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉన్నారు. షే బృందం దాదాపు యాభై ఏళ్ల ఆ లెక్కల్ని ముందేసుకుంది. అదే సముద్రం, అవే నీళ్లు, అదే ఎల్ నినో (కొన్నేళ్లకోసారి పసిఫిక్ నీళ్లు వేడెక్కే తంతు). మనుషులు వేటాడే జాతులు ఒక పక్క, వేటాడని జాతులు ఒక పక్క. వేటాడే వాటిలోనే ఒడుదొడుకులు ఎక్కువని తేలింది. మరి వాతావరణం మీదకి తోసేద్దామంటే ఎలా? అది రెండింటికీ ఒకటేగా!

కారణం కూడా బావగారి ఫొటోలోనే ఉంది. వల ముందు పెద్దవాటినే తీసుకుపోతుంది. చాలా జాతుల్లో పెద్ద వయసు తల్లి చేప ఎక్కువ గుడ్లు పెడుతుంది, ఎక్కువ రోజుల పాటు పెడుతుంది. ఆ పిల్లలకి ఒంట్లో కొవ్వు కూడా కాస్త ఎక్కువ, ఆకలికి నాలుగు రోజులు ఆగగలవు. ఇంట్లో దాచిన సొమ్ము లాంటివన్నమాట ఆ ముసలి చేపలు. అవి పోయాక మిగిలేది ఈ మధ్యే ఈడుకొచ్చినవి. అవన్నీ ఇంచుమించు ఒకేసారి గుడ్లు పెడతాయి. చేప పిల్లకి నోరు తెరుచుకోగానే కావలసింది కంటికి కనపడని ప్లాంక్టన్. ఆ ప్లాంక్టన్ ఆ ఏడాది రెండు వారాలు అటో ఇటో అయిందంటే ఆ పిల్లలన్నీ పోయినట్టే. మరుసటి ఏడాది కుదిరితే గుట్టలు గుట్టలుగా పడతాయి. అప్పుడు టీవీవాళ్లు "మత్స్యకారుల పంట పండింది" అని చెబుతారు. ఆ పై ఏడాది వల ఖాళీ. అప్పుడు "గంగమ్మ తల్లి కరుణించలేదు" అంటారు. పాపం గంగమ్మ, ప్రతిదానికీ ఆవిడే దొరుకుతుంది.

కేరళలో ఏమైంది మరి? 2012లో అక్కడ కవళ్లు సుమారు 4 లక్షల టన్నులు పడ్డాయి. 2021కి 3,500 టన్నులు కూడా లేవు. లక్షలు కాదు, వేలు. ఎల్ నినోతో పాటు పిల్ల కవళ్లని ఊడ్చేయడం కూడా అందులో ఉంది. ఆ పిల్ల చేపలు పోయేది మనుషుల పళ్లెంలోకి కూడా కాదు, చాలావరకు చేపల పొడి చేసే ఫిష్ మీల్ ఫ్యాక్టరీలకి. అక్కణ్ణుంచి మేతగా రొయ్యల చెరువులకి. రొయ్యల గురించి మొదలుపెడితే ఈ పోస్టు తెల్లారేదాకా సాగుతుంది, వద్దు.

పులస దగ్గరకి వద్దాం. ఆ చేప తినేదే ప్లాంక్టన్. వరదనీటి కోసం కాచుకుని, సముద్రం నుంచి ఎదురీదుకుంటూ గోదారిలోకి వస్తుంది. పైకి పోదామంటే ధవళేశ్వరం బ్యారేజీ అడ్డం. మనం వేట నిషేధం పెట్టేదెప్పుడు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సముద్రంలో. పులస వచ్చేదెప్పుడు? నిషేధం అయిపోయాక, జూలై నుంచి. అద్భుతం! పక్కన బంగ్లాదేశ్‌లో ఇదే చేప గుడ్లు పెట్టే కాలమని అక్టోబరులో 22 రోజులు పట్టడం, అమ్మడం, రవాణా అన్నీ బంద్ చేస్తారు. పిల్ల చేపల మీద నెలల తరబడి నిషేధం. ఆ రోజుల్లో జాలర్లకి బియ్యం ఇస్తారు. మనమేమో జన ఉంటే రేటు పెంచి వేలం పాడతాం.

వేట నిషేధం అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు 22 వేల పులస ఫొటో పెట్టిన ఈ బావగారే ఏప్రిల్‌లో ఇంకో మెసేజ్ ఫార్వార్డ్ చేశారు. "రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే మత్స్యకారులకి ప్రభుత్వం 20 వేలు ఇస్తోంది, మన ట్యాక్సులతో సోమరిపోతుల్ని తయారు చేస్తున్నారు" అని. ఇంకోసారి చదవండి. ఒక కుటుంబానికి రెండు నెలలకి ఇచ్చేది 20 వేలు. ఈయన ఒక పూట కూరకి పెట్టింది 22 వేలు. ఆ కుటుంబం పడవ ఒడ్డున పెట్టి కడుపు కట్టుకున్నదే రేపు అందరికీ చేపలు ఉండాలని. అది సోమరితనం, ఇది అదృష్టం! అప్పుడు నేనేమీ అనలేదు. పెద్దవారు కదా అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే ఇప్పుడు మండుతోంది.

నిజం చెప్పాలంటే నా మంట ఇంకా పాతది. పెళ్లిచూపుల్లో "అమ్మాయి జువాలజీ ఎమ్మెస్సీ, ప్లాంక్టన్ మీద ప్రాజెక్టు చేసింది" అని మా నాన్న గర్వంగా చెబితే, "అంటే చెరువులో నాచు చూస్తూ కూర్చోవడానికి రెండేళ్లా?" అన్నది కూడా ఈయనే. అందరూ నవ్వారు. నాచట! భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం ఆ "నాచు" దగ్గర్నుంచే. ఇంగ్లండ్‌లో అలిస్టర్ హార్డీ అనే ఆయన లోపల పట్టుగుడ్డ చుట్ట ఉన్న ఒక పెట్టె తయారుచేస్తే, 1931 నుంచి సరుకు ఓడలు దాన్ని వెనక కట్టుకుని లాగుతున్నాయి. ఆ గుడ్డకి అంటుకున్నదాన్ని మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. అలా తరాల తరబడి లెక్కపెట్టబట్టే ఉత్తర సముద్రంలో వసంతంలో పుష్కలంగా ఉండే చలినీటి కోపిపాడ్ (రొయ్యల చుట్టమైన చిన్న ప్లాంక్టన్ జీవి) తగ్గిపోయిందనీ, దాని చోటికి శరత్తులో పెరిగే వెచ్చనీటి రకం వచ్చిందనీ, వసంతంలో పుట్టే కాడ్ చేప పిల్లలకి తిండి కరువైందనీ తెలిసింది. మన దగ్గర మాత్రం ఎవరూ చెయ్యలేదా? విశాఖ తీరంలో 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్, జువాలజీ ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి గార్లు నీళ్లనీ ప్లాంక్టన్‌నీ పట్టి చూశారు. ఈ పేర్లు ఎంతమందికి తెలుసు? వేలంలో పులస ఎంత పలికిందో మాత్రం ఊరంతా చెబుతుంది.

నేను చెప్పేది కాలేజీలో, మెడికల్ ఎంట్రన్స్ కోసం చదివే పిల్లలకి. ప్లాంక్టన్ వాళ్లకి ఒక మార్కు బిట్టు. కొంచెం వివరంగా చెబుదామని మొదలుపెడితే ముందు బెంచీలోంచే "మేడమ్, ఇది నీట్‌లో వస్తుందా?" అని అడుగుతారు. వాళ్లననేం లాభం? మా ల్యాబులో మైక్రోస్కోపులు ఉన్నాయి, బీరువాలో, తాళం వేసి. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయట. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం తుడిచి, వరసగా బల్ల మీద పెడతాం, ఫొటో కోసం.