జిరాక్స్ కాపీ గారికి ఒక ఖాతాదారు విన్నపం

మహారాజశ్రీ జిరాక్స్ కాపీ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరు కుశలమేనని నిన్న మధ్యాహ్నం బ్యాంకులో కళ్ళారా చూశాను.

కేవైసీ అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆపేస్తామని మెసేజ్ మీద మెసేజ్ వస్తుంటే, తిండి కూడా తినకుండా వెళ్ళాను. శాఖ రూపమే మారిపోయింది. గుమ్మంలో టోకెన్ మిషన్, గోడకి పెద్ద టీవీ, ‘కాగితం లేని బ్యాంకింగ్ మా లక్ష్యం’ అని ఫ్లెక్సీ. టోకెన్లయితే ఇస్తున్నారు గానీ పిలవడం మాత్రం ‘తర్వాత ఎవరండీ’ అనే. పాస్‌బుక్ ప్రింటర్ మీద ‘పనిచేయడం లేదు’ అని కాగితం అతికించారు. అదీ తమ వంశమే, నాలుగైదు తరాల కాపీ, అక్షరాలు అలుక్కుపోయి ఉంది.

కౌంటర్లో మేడమ్ ‘ఆధార్, పాన్ జిరాక్స్‌లు ఇవ్వండి’ అన్నారు. ఫోన్ తీసి, పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్ చూపించాను. పక్కింటి పిల్లాడి మార్కుల మెమో చూసినట్టు చూసి, ‘బాగుంది సార్, కాపీ కావాలి’ అన్నారు.

ఊరుకోలేదు, వాదించాను. డిజిలాకర్ వచ్చింది 2015లో. అందులో జారీ అయిన పత్రం ఒరిజినల్‌తో సమానమని 2017లో కేంద్రం నిబంధన పెట్టింది. అలాంటి ఎలక్ట్రానిక్ పత్రాలు కేవైసీకి చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2020లో తన ఆదేశాల్లో చేర్చింది. అసలు వివరాలేవీ మారకపోతే, మారలేదని ఫోన్ నుంచో మెయిల్ నుంచో చెబితే చాలని కూడా అంది. మేడమ్ అంతా ఓపిగ్గా విన్నారు. ‘నాకూ తెలుసు సార్. ఆడిట్‌కి ఫైల్లో ఉండాలి’ అన్నారు.

కేంద్ర ప్రభుత్వం, రిజర్వ్ బ్యాంకు, నేను ముగ్గురం కలిసి ఓడిపోయాం. రోడ్డు దాటి తమ ఆస్థానానికి వచ్చాను.

‘ఈ నంబరుకి వాట్సాప్ కొట్టండన్నా’ అన్నాడు షాపు కుర్రాడు. ప్రభుత్వం తాళం వేసి దాచిన పత్రాన్ని ముక్కూమొహం తెలియని ఫోన్లోకి పంపాను. ‘రెండు వైపులా ఒకే పేజీలో వేసెయ్యమంటారా?’ వేసెయ్యమన్నాను. తమరు వెచ్చవెచ్చగా వెలువడ్డారు. ఫోన్లో రంగుల్లో వెలిగిన నా మొహం తమ కటాక్షంతో మసైపోయింది. దాని కింద సంతకం చేసి తారీఖు వేశాను. ఒకప్పుడు గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో చేసే పని ఇది. ఇప్పుడు ఈ మసి నేనేనని నాకు నేనే ధ్రువీకరించుకుంటున్నాను.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. ఆ తర్వాత మేడమ్ తమర్ని స్కానర్ మీద బోర్లా పడుకోబెట్టి, స్కాన్ చేసి, సిస్టంలోకి అప్‌లోడ్ చేశారు.

అప్‌లోడ్ చేశారండీ! కంప్యూటర్లో పుట్టిన పత్రం నా ఫోన్లోకి వచ్చింది, అక్కణ్ణుంచి కుర్రాడి ఫోన్లోకి, అక్కణ్ణుంచి కాగితం మీదికి, కాగితం మీంచి మళ్ళీ కంప్యూటర్లోకి. పత్రం అసలుదో కాదో తేల్చే క్యూఆర్ కోడ్ దారిలోనే చచ్చిపోయింది. రాత్రంతా ఇదే ఆలోచన, నిద్ర పట్టలేదు. హెడ్డాఫీసులో ఎన్ని మీటింగులు, ఎంతమంది కన్సల్టెంట్లు, ఎన్ని స్లైడ్లు! యాప్ పెట్టారు, చాట్‌బాట్ పెట్టారు. ఒకచోట కేవైసీ ఇస్తే అన్నిచోట్లా పనికొచ్చేలా 14 అంకెల నంబరుతో సెంట్రల్ కేవైసీ రిజిస్ట్రీ 2016 నుంచే ఉంది. చెక్‌లిస్టులో ‘జిరాక్స్ జతపరచవలెను’ అనే ఒక్క లైను కొట్టేసే మనిషి మాత్రం లేడు. సాఫ్ట్‌వేర్ కొనాలంటే టెండరు చాలు. లైను కొట్టేయాలంటే ఎవరో ఒకరు పేరు రాసి సంతకం పెట్టాలి, రేపు ఆడిటర్ అడిగితే జవాబు చెప్పుకోవాలి. అంత తెగింపు ఎవరికుంది? అందుకే పాత పనిని కదపకుండా దాని పక్కనే కొత్త పని పెట్టారు. ఆవిడకి డబుల్ డ్యూటీ. నాకు రోడ్డు దాటే డ్యూటీ.

తమ ఆయుష్షు మామూలుది కాదులెండి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి ‘కార్డ్’ ప్రాజెక్టుతో కంప్యూటర్లు వచ్చాయి. 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ. వచ్చిన ప్రతిసారీ తమ పని అయిపోయిందనుకున్నాం. ఆ ఆఫీసుల ప్రహరీ గోడ పక్కనే తమరు కొత్త దుకాణం తెరిచారు. 2022 మే నెలలో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఒకటి, ఆధార్ జిరాక్స్‌లు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దని, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడమని హెచ్చరించింది. రెండు రోజులు తిరిగేసరికి, జనం అపార్థం చేసుకుంటారంటూ కేంద్రం ఆ హెచ్చరికని వెనక్కి తీసుకుంది. తమ పలుకుబడికి అప్పుడే దండం పెట్టాను.

ఈ పొద్దున మెసేజ్ వచ్చింది. ‘మీరు సమర్పించిన పత్రం స్పష్టంగా లేనందున తిరస్కరించబడినది. సమీప శాఖను సంప్రదించండి.’ దాని వెనకే ఇంకోటి: మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

ఇక మర్యాదలెందుకు గానీ, సిగ్గుండాలి! స్పష్టంగా ఉన్నదాన్ని చూపిస్తే వద్దన్నది ఎవరు? చేతులారా మసి చేయించి, ఆ మసిని ఫొటో తీసుకుని, కనబడలేదని నన్ను మళ్ళీ రమ్మంటారా? ఎవడబ్బ సొమ్మని నా సెలవులు వీళ్ళ చెక్‌లిస్టుకి ధారపోయాలి?

నిన్ను కాదులే. నీ మీద కోపం పెట్టుకుని ఏం చేసుకోను? నువ్వు ఓటీపీ అడగవు. సెషన్ టైమవుట్ అనవు. పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలని ప్రాణం తీయవు. సర్వర్ డౌన్ అన్న రోజు ఆ వీధి మొత్తంలో పనిచేసేది నువ్వొక్కదానివే. స్టార్లేవో నీకిద్దామంటే ఆ మెసేజ్‌లో నీ పేరు లేదు.

రేపు పొద్దున్నే వస్తాను. ఈసారి కలర్లో రా. రెండు తీయిస్తాను, వాళ్ళొకటి ఎలాగూ పారేసుకుంటారు.

ఇట్లు,
నీ ఒరిజినల్