చందా ఆపితే చేతిలో ఏం మిగులుతుంది?

బైబిలు అధ్యయన సాఫ్ట్‌వేర్ లోగోస్ 2024 అక్టోబరులో చందా బాట పట్టినప్పటి నుంచి బైబిలును లోతుగా చదివేవాళ్ల మధ్య ఒకటే చర్చ: దాని మూడు చందా పథకాల్లో ప్రీమియమా, ప్రోనా, మ్యాక్సా? అసలు ఆ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. మూడింట్లో ఏది అని అడిగామంటే ఏదో ఒకటి కట్టక తప్పదని ముందే ఒప్పేసుకున్నట్టు. వారం వారం ప్రసంగం సిద్ధం చేసుకునే పాస్టరుకు గానీ, ఇంట్లో కూర్చుని శ్రద్ధగా చదువుకునే విశ్వాసికి గానీ నెలనెలా చందా అక్కర్లేదు. అసలు ఖర్చే వద్దని కాదు. పెట్టే డబ్బేదో పుస్తకం మీద పెట్టాలి, అద్దె మీద కాదు.

పైసా ఖర్చు లేకుండా ఏం దొరుకుతుందో ఒకసారి చూద్దాం. కేంబ్రిడ్జిలోని బైబిలు పరిశోధన సంస్థ టిండేల్ హౌస్ తయారుచేసిన స్టెప్ బైబిల్ అనే సైటుకు ఖాతా తెరవాల్సిన పని కూడా లేదు. వచనంలో ఒక మాట మీద నొక్కితే దాని మూలరూపం, వ్యాకరణం, బైబిల్లో అది ఇంకా ఎక్కడెక్కడ వచ్చిందీ కనిపిస్తాయి. కంప్యూటర్లోకి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో ఆండ్‌బైబిల్ అనే ఉచిత యాప్ ఉంది. విండోస్‌లో ఈ-స్వోర్డ్, ద వర్డ్ అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. నెట్ (ఎన్‌ఈటీ) అనే ఇంగ్లిషు బైబిల్ అనువాదకులు రాసుకున్న 60 వేలకు పైగా వివరణలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. బైబిలు పండితుల సంఘం ఎస్‌బీఎల్ వారి గ్రీకు కొత్త నిబంధన 2010 నుంచీ ఉచితమే. దాన్ని ఎస్‌బీఎల్‌తో కలిసి అందరికీ వదిలింది ఎవరనుకున్నారు, ఇప్పుడు చందా అడుగుతున్న లోగోసే!

ఇవి నిజంగా పనికొస్తాయా అంటే, వేదికల మీద అరిగిపోయిన ఉదాహరణతోనే పరీక్షిద్దాం. యోహాను 21:15–17లో యేసు పేతురును ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని మూడుసార్లు అడిగాడు. మొదటి రెండుసార్లు వాడిన గ్రీకు క్రియ అగపావో, మూడోసారి ఫిలేవో; రెండిటికీ ప్రేమించడమనే అర్థం. పేతురు మూడుసార్లూ ఫిలేవోతోనే జవాబిచ్చాడు. దీని మీద దైవప్రేమ, స్నేహప్రేమ అని రెండు మెట్లు కట్టి ప్రసంగాలు చేస్తుంటారు. స్టెప్ బైబిల్‌లో 15వ వచనం తెరిచి ఆ మాట మీద నొక్కండి. స్ట్రాంగ్స్ సంఖ్య (ఒక్కో మూలభాషా మాటకు ఇచ్చిన వరుస సంఖ్య) 25 వస్తుంది. 17వ వచనంలో 5368. ఇప్పుడు ఆ రెండు సంఖ్యలూ ఒక్క యోహాను సువార్తలోనే వెతకండి. 3:35లో తండ్రి కుమారుణ్ని ప్రేమించడం అగపావో, 5:20లో అదే తండ్రి, అదే కుమారుడు, అదే ప్రేమ, కానీ ఫిలేవో. అక్కడితో ఆగకుండా పాత నిబంధన గ్రీకు అనువాదం సెప్టువజింట్‌లో 2 సమూయేలు 13 చూడండి. తామారును చెరిచిన ఆమ్నోను ఆమె మీద పెంచుకున్న ‘ప్రేమ’కు వాడిన మాట అగపావోనే. 2 తిమోతి 4:10లో దేమా ఈ లోకాన్ని ప్రేమించి పౌలును వదిలిపోయాడు; అదీ అగపావోనే. ఇదంతా కలిపి పది నిమిషాల పని. కట్టిన మెట్లు కూలిపోయాయి. ఈ పది నిమిషాల్లో ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొత్తగా చేసిపెట్టేదేమిటి? ఇవే వచనాలను ఇంకాస్త అందమైన రంగుల చక్రంలో చూపిస్తుంది, అంతే.

ఆ రంగుల చక్రమే అసలు ప్రమాదం. మౌస్ పెట్టగానే తేలే చిన్న పెట్టెలో ‘ఏయోరిస్టు’ అని ఒక గ్రీకు క్రియారూపం పేరు కనబడుతుంది. చూసినవాళ్లు ‘ఒక్కసారిగా, శాశ్వతంగా జరిగిపోయిన పని’ అని రాసేసుకుంటారు. యోహాను 2:20లో యూదులు ఈ ఆలయం కట్టడానికి నలభై ఆరేళ్లు పట్టిందంటారు. అక్కడ ‘కట్టబడింది’ అన్న క్రియ ఏయోరిస్టే. నలభై ఆరేళ్ల తాపీపని ఒక్కసారిగా జరిగిందా? పెట్టెలో రాసింది తప్పు కాదు, కానీ ఆ పేరుతో ఏం చేయాలో పెట్టె చెప్పదు. స్ట్రాంగ్స్ జాబితాతోనూ ఇదే తంటా. 1890లో అచ్చయిన ఆ జాబితా ప్రధానంగా కింగ్ జేమ్స్ అనువాదం ఒక్కో మాటను ఎలా ఎలా అనువదించిందో చూపించడానికి పుట్టింది. దాంట్లో ఉన్న అయిదారు అర్థాలనూ ఒకే వచనంలో కుక్కడం ఎంత తప్పో బైబిలు పండితుడు జేమ్స్ బార్ 1961లోనే ఉతికి ఆరేశారు. అరవై ఏళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు సరికదా, క్లిక్కు సౌకర్యంతో ఇంకా పెరిగింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనూ ఈ తప్పు చేయొచ్చు, నిజమే. కానీ డబ్బు కట్టి చేసిన తప్పుకు పాండిత్యం రంగు అంటుకుంటుంది. అది వదిలించడం కష్టం.

చందా ప్రకటనలు ‘భాష రాకపోయినా మూలభాషలో చదవండి’ అంటాయి. భాష రాకుండా మూలభాషలో చదవడం అంటూ ఉండదు. గ్రీకు కొత్త నిబంధనలో 50 సార్లు గానీ అంతకు మించి గానీ వచ్చే మాటలు సుమారు 300. పుస్తకంలోని మొత్తం మాటల్లో దాదాపు 80 శాతం వాటివే. వారానికి ఆరు మాటలు పట్టుకుంటే ఏడాదిలో ఆ జాబితా చేతికొస్తుంది. దాంతో వ్యాకరణమూ వచ్చేసినట్టు కాదు గానీ, ఆ చిన్న పెట్టె చెప్పేది నమ్మాలో వద్దో తేల్చుకునే తెలివి వస్తుంది. ఇంకో ముఖ్యమైన తేడా: కార్డు గడువు తీరినా ఈ మాటలు మిమ్మల్ని వదిలిపోవు.

చందా పక్షాన బలమైన వాదన ఒకటుంది. తీతు 2:13 లాంటి చోట ‘ఆర్టికల్, ఏకవచన నామవాచకం, కై (గ్రీకులో ‘మరియు’), ఆర్టికల్ లేని ఇంకో నామవాచకం’ అనే వరుస కొత్త నిబంధన అంతటా వెతకాలంటే ఉచిత సైట్ల వెతుకుడు పెట్టె చాలదు. హెబ్రీకి హాలోట్, గ్రీకుకు బీడాగ్ అనే పెద్ద నిఘంటువులు, పది వ్యాఖ్యానాలు ఒకే వచనం కింద తెరుచుకుంటే మిగిలే సమయమూ తక్కువేం కాదు. ఒప్పుకుంటాను. సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థి ఆ మూడు నాలుగు నెలలకు కట్టి, పని కాగానే ఆపేస్తే తప్పు లేదు. వాళ్లకైనా ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఈటీసీబీసీ పరిశోధన కేంద్రం డేటాతో నడిచే షెబాంక్ సైటులో హెబ్రీ వాక్యనిర్మాణం ఉచితంగానే వెతకొచ్చు. కాకపోతే దాని ప్రశ్నల భాష నేర్చుకోవాలి.

మిగతావాళ్లు ఒక్కసారి కొనేసేవి కొనుక్కోవాలి. ముందుగా మంచి గ్రీకు నిఘంటువు ఒకటి, తర్వాత మీరు బోధించబోయే పుస్తకం మీద ఒకటి రెండు కొత్త వ్యాఖ్యానాలు. కాపీరైటు తీరిన మాథ్యూ హెన్రీ, కైల్–డెలిట్ష్ లాంటి పాత వ్యాఖ్యానాలు ఎలాగూ ఉచితం. వాటినే వందల సంఖ్యలో పేర్చి ‘లైబ్రరీ’ అని లెక్క చూపే ప్యాకేజీకి మోసపోవద్దు. కొనేముందు ఒకటి అడిగి తేల్చుకోండి: చందా లేని ఉచిత ఎడిషన్‌లో ఈ పుస్తకం తెరుచుకుంటుందా, లోపల వెతుకుడు పనిచేస్తుందా? ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేటప్పుడు వచనాల లెక్క మీదా ఒక కన్ను వేయాలి. 51వ కీర్తనలో ‘శుద్ధహృదయం’ మనకు 10వ వచనం. శీర్షికను కూడా లెక్కపెట్టే హెబ్రీలో అది 12, సెప్టువజింట్‌లో అయితే కీర్తన సంఖ్యే 50. యోవేలు మనకు మూడు అధ్యాయాలు, హెబ్రీలో నాలుగు. సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే బైబిలు ఫైలు (మాడ్యూల్) చేసినవాళ్లు ఈ తేడా సర్దకపోతే పక్కపక్క కిటికీల్లో వేర్వేరు వచనాలు కనిపిస్తాయి, చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు.

ఇక అన్నిటికంటే పెద్ద గొడవ. అద్దె పుస్తకంలో మీరు రాసుకున్న నోట్సు ఎవరివి? మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని 2019లో మూసేసింది. ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది, జులై నుంచి కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు ఇచ్చారు. పుస్తకాల్లో గీతలు గీసుకున్నవాళ్లకు, నోట్సు రాసుకున్నవాళ్లకు అదనంగా 25 డాలర్లు జమ చేశారు. ఏళ్ల తరబడి మార్జిన్లలో పేరుకున్న ఆలోచనకు ఒక కంపెనీ కట్టిన ఖరీదు అది! అంత పెద్ద సంస్థకే దుకాణం మూయక తప్పలేదు. బైబిలు రంగంలోనూ ఈ ముచ్చట జరిగింది. మూలభాషల పనికి చాలామంది పండితులు నమ్ముకున్న బైబిల్‌వర్క్స్ 2018 జూన్‌లో చేతులెత్తేసింది. అప్పట్లో దాన్ని కొనుక్కున్నవాళ్ల దగ్గర కనీసం ప్రోగ్రామైనా మిగిలింది. చందా లోకంలో ఆ మాత్రం ఊరటకు కూడా హామీ లేదు. తాత బైబిలు మనవడి చేతికొస్తే మార్జిన్లో ఆయన చేతిరాత ఉంటుంది. ఖాతా పాస్‌వర్డ్‌తో పాటు పోయే గ్రంథాలయాన్ని ఎవరికి రాసిచ్చిపోతారు?

ఇంత చెప్పినా ఉచిత ట్రయల్ తీసుకోవాలనిపిస్తే తీసుకోండి. మొదటి రోజే గత వారం చదువులో మీకు తట్టిన పది ప్రశ్నలు కాగితం మీద రాసి, ఒక్కోదాన్నీ ముందు స్టెప్ బైబిల్‌లో, తర్వాత ట్రయల్‌లో వెతకండి. జవాబు మారిన ప్రశ్నలే లెక్కపెట్టండి, త్వరగా దొరికినవి కాదు. రెండో రోజు ఓ ఇరవై నోట్సు రాసి, నాలుగు రంగుల్లో గీతలు గీసి, మొత్తం బయటికి ఎగుమతి చేయండి. వచ్చిన ఫైలును సాదా నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ప్రతి నోటు పక్కన దాని వచనం సంఖ్య ఉందా, గీత గీసిన మాటలు వచ్చాయా, లేక రంగు పేరు మాత్రమే వచ్చిందా చూడండి. రంగు పేరే వస్తే ట్రయల్ గడువు రాకముందే కార్డు వివరాలు తీసేయండి.