మళ్లీ ఆ ఎఫ్4 శకటే!

కూకట్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాలు నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చాను. ఇంకా కాఫీ కూడా తాగలేదు. చదరంగం పోటీకి ఆరు వందలు ప్రవేశ రుసుము కట్టి, ఆదివారం నిద్ర చెడగొట్టుకుని, మూడో రౌండులో నాలుగో తరగతి పిల్లవాడి చేతిలో ఓడిపోయి వచ్చాను. నా బాధ ఓడినందుకు కాదు. (సరే, కొంత అందుకే.) తెల్లపావులతో వాడు ఆడింది లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుస!

బంటును డి4 గడికి నడిపాడు. నేను గుర్రం తీశాను. శకటు (బిషప్) ఎఫ్4కి వచ్చింది. ఇక నేను ఏ ఎత్తు వేసినా వాడికి అనవసరం. ఇ3, సి3, గుర్రం, రెండో శకటు... బంట్లతో గోపురం కట్టేసి పక్క బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎక్కాలు అప్పజెప్పినట్టు! నేను మాత్రం ఒక్కో ఎత్తుకు రెండేసి నిమిషాలు తగలేశాను. అది పదిహేను నిమిషాల ఆట, నాకూ తెలుసు.

ఈ సిస్టమ్‌కు ఆ పేరు 1922 లండన్ టోర్నమెంటు వల్ల వచ్చింది. అదే ఊళ్లో 1851లో జర్మన్ ఆటగాడు ఆండర్సన్, బంటును ఎర వేసి దాడికి దిగే కింగ్స్ గాంబిట్ ఆడి ఒక శకటును, రెండు ఏనుగులను, చివరికి మంత్రిని కూడా వదిలేసి కీసెరిట్స్కీకి ఆట కట్టించాడు. లండన్ పేరు పెట్టుకునే అర్హత దేనికుందో మీరే చెప్పండి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చైనా గ్రాండ్‌మాస్టర్ డింగ్ లిరెన్ కూడా లండన్ ఆడాడని ఎవరూ వ్యాఖ్య పెట్టకండి. డింగ్ ఆలోచించి ఆడాడు.

అన్నట్టు, ఆ పిల్లవాడు హెచ్7 మీద శకటును బలిచ్చి, క్యాస్లింగ్ చేసి ఏనుగు పక్కన దాచుకున్న నా రాజును నడివీధికి లాగాడు. అదీ బట్టీ పట్టిందే! పైగా "అంకుల్, అంత తొందరగా క్యాస్లింగ్ చేయకూడదు" అని ఓదార్పు. వాళ్ల నాన్న నవ్వుతూ వచ్చాడు. "మావాడికి ఈ ఒక్క ఓపెనింగే నేర్పించాం సార్, చదువుకు టైము మిగులుతుంది." ఐఐటీ ఫౌండేషనట. నాలుగో తరగతికి!

చదువు అనగానే నాకు 1994 గుర్తొచ్చింది. పదో తరగతి పరీక్షల ముందు మా నాన్నగారు నా చదరంగం బల్లను అటక ఎక్కించారు. "ఇది కూడు పెడుతుందా? ఎంసెట్ అయ్యాక దించుతాను" అన్నారు. ఎంసెట్ అయింది, ఇంజినీరింగ్ అయింది, పెళ్లయింది. 2002లో ఆనంద్ మన హైదరాబాదులోనే ప్రపంచ కప్ గెలిచాడు. కొత్త ఉద్యోగంలో సెలవు అడగలేక నేను పేపర్లో చదువుకున్నాను. బల్ల మాత్రం దిగలేదు.

2024 డిసెంబరులో గుకేశ్ పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన రోజు మా నాన్నగారే ఫోన్ చేశారు.

"మన తెలుగు కుటుంబమేరా! చిన్నప్పుడు నువ్వూ ఆడేవాడివి కదా, ఎందుకు మానేశావు?"

మానేశానట!