బాఖ్ రాయని నాలుగో గొంతు

మొన్న మంగళవారం మా ఊరి కతీడ్రల్లో అసిస్టెంట్ ఆర్గనిస్టు పదవికి, అంటే పైపుల్లోకి గాలి పంపి పలికించే ఆర్గన్ అనే పెద్ద వాద్యాన్ని వాయించే ఉద్యోగానికి, పరీక్ష జరిగింది. అందులో నేను అభ్యర్థినీ కాను, పరీక్షకుణ్ణీ కాను. పేజీలు తిప్పేవాణ్ణి మాత్రమే. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఆ రోజంతా ఆ భవనంలో వినిపించిన శబ్దాలన్నింటిలోకీ పెద్దది నా చేతి చలవే.

మా ఊరంటే పుట్టిన గుంటూరు కాదు, ఉద్యోగరీత్యా స్థిరపడిన ఇంగ్లండులోని ఊరు. పేజీలు తిప్పవలసిన కుర్రవాడికి జ్వరం వచ్చింది. నేను అక్కడి వలంటీర్ల గాయక బృందంలో మంద్రస్వరం పాడతాను, పాశ్చాత్య సంగీతం రాసుకునే స్టాఫ్ నొటేషన్ చదవగలను, ఎవరైనా సాయమడిగితే కుదరదని చెప్పడం నాకు చేతకాదు. ఈ మూడు అర్హతలనూ గుర్తించి ఆఫీసువారు నన్ను నియమించారు, నియామకంతోపాటు పద్నాలుగు నియమాల కాగితం ఒకటి పంపించారు. అభ్యర్థులకు పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. పరీక్షకులు కింద గాయకుల బల్లల్లో కూర్చుంటారు, పైన ఆర్గన్ ముందు ఎవరున్నారో వారికి కనిపించకూడదు. పేజీలు తిప్పేవారు పరీక్షకులతో ఏ విధంగానూ మాట్లాడరాదన్నది తొమ్మిదో నియమం. వేడి పానీయాల గురించే రెండు నియమాలున్న ఆ కాగితంలో, వంగవలసి వస్తే చేతులు దేనిమీద పెట్టకూడదో చెప్పే నియమం ఒక్కటీ లేదు. నా మనవి అంతా ఇదే.

మరమెట్లు ఎక్కాను, మొదటి ఇద్దరు అభ్యర్థులు వాయించి వెళ్లారు, ఏ ప్రమాదమూ జరగలేదు. వారి పరీక్ష చూశాక మాత్రం ఈ ఉద్యోగం మీద నాకున్న చులకన భావం పోయింది. ఎన్నడూ చూడని కాగితం ముందుపెట్టి అప్పటికప్పుడు వాయించమంటారు. తెలిసిన కీర్తనను ఒక స్వరం కిందికి దించి, రాసుకోకుండా, మనసులోనే మార్చుకుంటూ వాయించమంటారు. సాయంకాల ప్రార్థనలో పాడే దావీదు కీర్తనలకు తోడు వాయించమంటారు. 1662 నాటి ప్రార్థనా గ్రంథం లెక్క ప్రకారం నెలలో పదిహేనో తేదీ సాయంత్రం డెబ్భై ఎనిమిదో కీర్తన వస్తుంది, దానికి డెబ్భై మూడు చరణాలున్నాయి. డెబ్భై మూడింటికీ రాగం అదే అయినా, ఇశ్రాయేలీయులు సముద్రం దాటేటప్పుడు ఒకలా, ఐగుప్తు మీదికి కప్పలు వచ్చినప్పుడు ఇంకోలా వినిపించడం ఆర్గనిస్టు బాధ్యత. చివరికి పరీక్షకులు ఇచ్చిన నాలుగు స్వరాలను పట్టుకుని, ఊరేగింపు గుడి దాటేవరకు కల్పనగా అల్లుకుంటూ పోవాలి. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ అనే సంస్థ 1864 నుంచి ఉంది. దాని ఫెలోషిప్ పరీక్షలో కూడా ఇటువంటి పాట్లే ఉంటాయి. ఆ ఫెలోషిప్ సంపాదించినవాళ్లు కూడా మళ్లీ ఇలా నంబర్లు తగిలించుకుని వరసలో నిలబడవలసిందే.

మూడో నంబరు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఆర్గన్ కోసమే కుట్టించుకున్న పలచని అడుగు బూట్లతో ఉన్నారు. వాయించడానికి ఎంచుకున్నది జర్మన్ స్వరకర్త బాఖ్ మొదటి ట్రయో సొనాటా. బాఖ్ ఇటువంటివి ఆరు రాశాడు, తన పెద్దకొడుకు సాధన కోసం కూర్చాడని చెబుతారు. ఆ కొడుకు 1733లో డ్రెస్డెన్ నగరంలో ఆర్గనిస్టు ఉద్యోగం సంపాదించాడు కూడా. కుడిచెయ్యి ఒక గొంతు, ఎడమచెయ్యి ఒక గొంతు, పాదాలు మూడో గొంతు. ముగ్గురూ ఎవరి మాట వారు మాట్లాడుతుంటారు, ఎవరి తప్పును ఎవరూ కప్పిపెట్టలేరు. ఆర్గనిస్టుల స్థాయి తేల్చడానికి ఇంతకు మించిన గీటురాయి లేదని అంటారు. మధ్యలో వచ్చే నెమ్మది భాగాన్ని ఆయన రెండు వేణునాదాల మీద, ఊపిరి బిగబట్టి వినవలసినంత మెల్లగా మొదలుపెట్టారు.

తల ఊపితే పేజీ తిప్పాలన్నది మా ఒప్పందం. సంగీతంలో మునిగిన ఆయన తల మొదటి వరసలోనే ఊగింది. ఇది పరవశమా, ఆజ్ఞా అని తేల్చుకునే లోగా నా చెయ్యి తిప్పేసింది. ఆయన వాయిస్తూనే గుడ్లురిమారు. నేను కంగారుగా వెనక్కి తిప్పబోతే, టేపుతో అతికించి తెచ్చుకున్న ఆ కాగితాల్లో ఒకటి ఊడి, ఆయన మోకాళ్ల మధ్యగా జారి పెడల్స్ మీద పడింది.

నేను వంగాను. బల్ల కిందికి దూరి, కదులుతున్న పాదాలను తప్పించుకుంటూ కుడిచెయ్యి చాచాను. శరీరం ముందుకు తూలుతుంటే ఆధారం కోసం ఎడమ అరచేతిని, కాలు పెట్టుకోవడానికి బిగించారనుకున్న ఒక ఇత్తడి బొడిపె మీద మోపాను. అది పిస్టన్. ఏ పైపులు పలకాలో ఎంచుకోవడానికి లాగే పిడులను స్టాపులంటారు. వాటి కూర్పును ముందే జ్ఞాపకంలో దాచుకుంటే, ఆ బొడిపెను తాకగానే అవన్నీ వాటంతటవే బయటికి వస్తాయి. ఎనిమిదో నంబరు పిస్టన్లో ఆయన తన ఆఖరి అంశం ముగింపు కోసం ఆర్గన్ మొత్తాన్ని దాచుకున్నారు. తలకు రెండు పక్కలా ఉన్న స్టాపులన్నీ, గంప ఎత్తగానే దూకే కోడిపిల్లల్లాగా, టపటపమని ఒక్కసారిగా బయటికి దూకాయి. అదే క్షణంలో నా కుడి మోచెయ్యి ఎడమ చివరనున్న అట్టడుగు పెడల్ మీద స్థిరపడింది. దానికి కట్టుబడి ఉన్నవి ముప్ఫై రెండు అడుగుల పైపులు. సెకనుకు పదహారు ప్రకంపనలు. అది చెవికి వినిపించదు, పొట్టలో తెలుస్తుంది.

గుంటూరులో మా సంఘం ఆరాధనలో నేను చిన్నప్పుడు హార్మోనియం వాయించేవాణ్ణి. హార్మోనియంలో ఒక సౌకర్యం ఉంది: తప్పు వాయిస్తే తిత్తి నొక్కడం మానేయవచ్చు, తప్పు ఊపిరాడక దానంతట అదే చచ్చిపోతుంది. ఇక్కడ నా తప్పు వెనక కరెంటు మోటారు ఉంది, అది అలసిపోదు. మోచెయ్యి తీస్తే ఆగిపోతుందని బుద్ధికి తెలుసు, కానీ మోచెయ్యి తీయాలంటే ముందు తల పైకి రావాలి, తల పైకి రాకుండా బల్ల అడ్డుపడింది.

మొత్తం నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో నాకు తెలిసిన ఆర్గనిస్టుల చరిత్ర అంతా కళ్ల ముందు తిరిగింది. జర్మనీలోని లూబెక్ నగరంలో బుక్స్‌టెహూడ అనే ఆర్గనిస్టు తన పదవి ఎవరికి కావాలన్నా తన కూతురిని పెళ్లి చేసుకోవాలన్నాడట. ఆయన కూడా 1668లో అంతకు ముందున్న ఆర్గనిస్టు కూతురిని చేసుకున్నవాడే. ఒక విధంగా అది వంశపారంపర్య ఇల్లరికం. 1703లో హాండెల్, మాథెసన్ అనే స్వరకర్తలిద్దరూ వెళ్లి, ఆర్గన్ చూసి, షరతు విని, తిరుగు ప్రయాణం కట్టారు. ఆ పద్ధతి ఎంత అన్యాయమైనదైనా, అందులో పేజీలు తిప్పేవాడివల్ల అభ్యర్థి నష్టపోయే అవకాశం లేదు. తరవాత చిచెస్టర్ కతీడ్రల్ ఆర్గనిస్టు థామస్ వీల్క్స్ గుర్తొచ్చాడు. తాగుడు, బూతులు భరించలేక 1617లో ఆయనను పదవి నుంచి తొలగించారు. ఆయన కనీసం తాగి ఉన్నాడు. నేను పొద్దున అల్లం టీ తప్ప ఇంకేమీ పుచ్చుకోలేదు.

మూడో నంబరు ఆగలేదు. బొటనవేలితో మొదటి పిస్టన్ నొక్కారు, స్టాపులన్నీ సిగ్గుపడినట్టు లోపలికి వెళ్లిపోయాయి, వేణువులు తరవాతి గతి నుంచి ఏమీ జరగనట్టే సాగాయి. ఏమీ జరగలేదని ఒప్పుకోనిది రాతిగోడలొక్కటే. నేను చేసిన ధ్వనిని అవి తూర్పు చివరికి మోసుకెళ్లి, అక్కడ చూపించి, మళ్లీ తెచ్చి నాకే అప్పగించాయి. ఒక్క ఊరట ఉంది. ఆ భాగం సి మైనర్ శ్రుతిలో ఉంది, నా మోచేతి కింద పడిన పెడల్ కూడా సి. అంటే నేను అపచారం చేశానే గాని అపశ్రుతి పలికించలేదు.

వాద్యం ముగిశాక కింద ఎవరో తమ మైకు ఆపడం మరిచిపోయారు. "చాలా సాహసమైన రిజిస్ట్రేషన్," అంది ఒక గొంతు, స్టాపుల ఎంపిక గురించి. "బాఖ్‌కు అంత సాహసం అవసరమా?" అంది రెండోది. ఆ తరవాత కాగితం మీద కలం కదులుతున్న చప్పుడు వినిపించింది. నేను మైకు వైపు ఒక అడుగు వేశాను. ఆర్గన్ గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న ఆఫీసు మనిషి తల ఎత్తకుండానే తొమ్మిది వేళ్లు చూపించాడు. తప్పు చేసినవాడు నేరం ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉండగా, నియమం పేరుతో ఆపడం ఎక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడలేదు. అభ్యర్థి ముఖం చూడకుండా ప్రతిభను మాత్రమే తూచాలన్న పద్ధతి మంచిదే, నేను కాదనను. కానీ ఆ తక్కెడలో నా మోచెయ్యి కూడా ఉందని వారికి ఎవరు చెప్పాలి?

మూడో నంబరు మెట్లు దిగబోతూ నా వైపు తిరిగారు.

"మీరు ఏ వాద్యం వాయిస్తారు?" అని చాలా మర్యాదగా అడిగారు.

"హార్మోనియం," అన్నాను.

"ఓహో," అని దిగిపోయారు.

ఆ రాత్రి కోటు విప్పుతుంటే లోపలి జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి దొరికింది. బల్ల కిందినుంచి తీసిన పేజీ! కంగారులో స్టాండు మీద పెట్టడానికి బదులు జేబులో పెట్టుకున్నానన్నమాట. అంటే ఆయన ఆ తరవాతి భాగమంతా కాగితం లేకుండానే వాయించారు, పక్కన నిలబడిన నాకు ఆ సంగతి తెలియనైనా తెలియలేదు. పేజీ నిండా పాదాలకు పెన్సిలు గుర్తులు. కుడి అడుగు మూలన, తిప్పవలసిన చోట, జాగ్రత్త అని తనకు తాను చెప్పుకున్నట్టు చిన్న కళ్లజోడు బొమ్మ.

"పాపం, ఎవరిదో పంపించెయ్యండి," అంది మా ఆవిడ. నంబరు తప్ప పేరు తెలియదు కనుక, పేజీ దొరికింది, ఎవరికి పంపాలో చెప్పండని ఆఫీసుకు రాశాను. ఈ ఉదయం జవాబు వచ్చింది. పోయిన వస్తువుల ఫారం జతచేశారు. వస్తువు దొరికిన స్థలం అన్న గడిలో ఆర్గన్ గది అనే అవకాశమే లేదు.