తప్పుల్లేని నోటుబుక్కు ఎవరి కోసం?

తిరుపతిలో స్కూలు పిల్లల అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. రోజూ రెండు గంటలు పిల్లల పక్కన కూర్చుని హోంవర్కు చేయించాలంట, ఒక్క తప్పూ లేకుండా దిద్ది పంపాలంట, ఇంగ్లీషు రాకపోతే ట్యూషన్ పెట్టాల్సిందేనంట, తప్పు రాస్తే పదిసార్లు రాయించాలంట.

ముందు ఆ రెండు గంటల సంగతి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కే ఉండకూడదు. 3 నుంచి 5 దాకా వారానికి రెండు గంటలు, 6 నుంచి 8 దాకా రోజుకు గంట మించకూడదు. అంటే మూడో తరగతి పిల్లకు వారం మొత్తానికి సరిపడేది ఒక్క సాయంత్రమే లాగించేయమంటున్నారు. మీ స్కూల్లో అంత ఇస్తుంటే పిల్లను తిట్టడం కాదు, టీచర్ని అడగండి.

దిద్ది పంపమన్నారే, అసలు చేటు అక్కడుంది. 52లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 వేస్తారు. 2లోంచి 7 పోదు కదా, అందుకని తిరగేసి 7లోంచి 2 తీసేస్తారు. ఆ 35 చూడగానే అప్పు తెచ్చుకోవడం రాలేదని టీచరుకు తెలిసిపోతుంది. మీరు రబ్బరుతో చెరిపి 25 వేయించారనుకోండి, టిక్కు పడుతుంది, పిల్లకు తీసివేత రాదు, రాలేదన్న సంగతి టీచరుకూ తెలీదు. "ఇది ఎట్లొచ్చింది, చెప్పు నాయనా" అని అడగండి, చెప్తూ చెప్తూ వాళ్లకే తట్టొచ్చు. తట్టకపోతే ఐదు పదినోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి అందులోంచి 27 ఇమ్మనండి, ఒక పదినోటు మార్చక తప్పదు. అప్పటికీ కాకపోతే ఆ 35 అట్లనే పంపండి, పక్కన 'అర్థం కాలేదు' అని పెన్సిల్‌తో రాసి.

ఇంగ్లీషు టెన్షన్ కూడా అనవసరం. మన ప్రభుత్వ బడి లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెలుగు చదివి ప్రశ్న అడిగితే చాలు. చదువు రాని అవ్వ కూడా పాల చీటీ చేతికిచ్చి, ఇన్ని లీటర్లకు ఎంత రావాలో లెక్క తేల్చమనొచ్చు. దశాంశాల గుణకారం అదే కదా! దానికి ట్యూషన్ ఫీజు దండగ.

ఇక పదిసార్లు రాయించడమా? ఐదోసారికి చెయ్యి మాత్రమే రాస్తుంటుంది, చూపు టీవీ మీదుంటుంది. రెండుసార్లు చూసి రాయించండి, మర్నాడు పొద్దున చూడకుండా ఒకసారి రాయమనండి.