యజమానిని గీసిన కార్టూన్

2025 జనవరి 3న కార్టూనిస్టు ఆన్ టెల్నేస్ అమెరికా దినపత్రిక వాషింగ్టన్ పోస్ట్‌కు రాజీనామా చేశారు. కారణం ఒక కార్టూన్. అది ఇంకా పూర్తి బొమ్మ కూడా కాలేదు, ఎడిటర్‌కు చూపించడానికి గీసిన రఫ్ స్కెచ్. భారీ ట్రంప్ విగ్రహం కాళ్ల దగ్గర మోకరిల్లిన కుబేరులు, చేతుల్లో డబ్బు సంచులు. మెటా అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్, లాస్ ఏంజెలిస్ టైమ్స్ యజమాని ప్యాట్రిక్ సూన్-షియాంగ్‌లను అందులో గుర్తుపట్టవచ్చు. పక్కనే సాష్టాంగపడిన మిక్కీ మౌస్, అంటే డిస్నీ సంస్థ. వీళ్లతో పాటు జెఫ్ బెజోస్. 2013లో 25 కోట్ల డాలర్లకు వాషింగ్టన్ పోస్ట్‌ను కొన్నది ఆయనే.

ఆ స్కెచ్‌ను ఎడిట్ పేజీల బాధ్యుడు డేవిడ్ షిప్లీ వద్దన్నారు. అదే విషయం మీద అప్పటికే ఒక కాలమ్ వేశామని, ఇంకొకటి రాబోతోందని, చెప్పిందే చెప్పడం ఇష్టం లేకే ఆపామని ఆయన వివరణ. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. పేజీలో ఏముండాలో తేల్చడం ఎడిటర్ పనే. కానీ సంపాదకీయం, వ్యాసం, కార్టూన్ మూడూ ఒకే రోజు ఒకే అంశం మీద రావడం ప్రపంచంలో ఏ పత్రికకైనా మామూలే. పెద్ద వార్త ఉన్న రోజు అలాగే వస్తాయి. కాలమ్ చదివే పాఠకుడు వేరు, బొమ్మ చూసి పేజీ తిప్పేసే పాఠకుడు వేరు. పత్రిక యజమానే బొమ్మలో ఉన్న రోజున ఈ పునరుక్తి నియమం గుర్తుకు వస్తే అనుమానం రాక మానదు. తన స్కెచ్‌లను గతంలో మార్చమన్న సందర్భాలు ఉన్నాయి గానీ, ఎవరి మీద కలం ఎక్కుపెట్టాననే కారణంతో ఆపడం ఇదే మొదటిసారి అని టెల్నేస్ రాశారు. నేను ఆమె మాటే నమ్ముతాను.

నమ్మడానికి ఆమె గతమే ఆధారం. చీటికీ మాటికీ అలిగి వెళ్లిపోయే మనిషి కాదామె. 2015 డిసెంబరులో సెనేటర్ టెడ్ క్రూజ్ తన చిన్న కూతుళ్లను ఎన్నికల ప్రకటనలో వాడుకున్నప్పుడు, ఆ పిల్లలను కోతులుగా చూపిస్తూ ఆమె ఒక యానిమేషన్ చేశారు. పిల్లల జోలికి పోకూడదన్నది తమ పద్ధతి అంటూ అప్పటి ఎడిటర్ ఫ్రెడ్ హయట్ దాన్ని తీసేశారు. ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది నాకు. ఆమె ఒప్పుకోలేదు, అయినా ఉద్యోగం వదల్లేదు. ఆ రోజు ఎడిటర్ పాటించిన నియమం అందరు రాజకీయ నాయకుల పిల్లలకూ వర్తించేది. ఈసారి పెట్టిన అడ్డు అలాంటిది కాదు.

టెల్నేస్ పుట్టింది 1960లో, స్టాక్‌హోమ్‌లో. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో యానిమేషన్ చదివి, డిస్నీ సంస్థలో కొన్నేళ్లు డిజైనర్‌గా పనిచేశారు. 1989లో చైనాలోని తియానన్మెన్ స్క్వేర్ ఘటనలు, 1991లో సుప్రీంకోర్టుకు జడ్జి క్లారెన్స్ థామస్ నియామకంపై సెనేట్ విచారణ ఆమెను రాజకీయ కార్టూన్ల వైపు తిప్పాయి. 2001లో అమెరికా పత్రికా రంగంలో పెద్ద బహుమతి అయిన పులిట్జర్ వచ్చింది. ఎడిటోరియల్ కార్టూన్లకు ఆ బహుమతి అందుకున్న రెండో మహిళ ఆమె, మొదటివారు 1992లో సిగ్నీ విల్కిన్సన్. అప్పటికి టెల్నేస్ ఏ పత్రికలోనూ ఉద్యోగి కాదు, ఒకే బొమ్మను అనేక పత్రికలకు అమ్మిపెట్టే సిండికేట్ ద్వారా బొమ్మలు అమ్ముకునేవారు. వాషింగ్టన్ పోస్ట్‌కు వచ్చింది 2008లో. తర్వాత నేషనల్ కార్టూనిస్ట్స్ సొసైటీ ఇచ్చే రూబెన్ అవార్డు, 2023లో హెర్బ్‌లాక్ ప్రైజ్ వచ్చాయి.

హెర్బ్‌లాక్ పేరు ఇక్కడ ఊరికే రాలేదు. ఆయన అదే వాషింగ్టన్ పోస్ట్‌లో 1946 నుంచి 2001 దాకా బొమ్మలు వేశారు. 1950లో ఒక కార్టూన్‌లో తారు డబ్బా మీద ఆయన రాసిన 'మెకార్థీయిజం' అనే మాట, కమ్యూనిస్టులంటూ ఆధారాల్లేకుండా ముద్ర వేసే సెనేటర్ మెకార్థీ ధోరణికి పేరై, చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. 1954లో అప్పటి ఉపాధ్యక్షుడు నిక్సన్‌ను మురుగుకాలువలోంచి బయటకు వస్తున్నట్టు గీశారు. 1952 అధ్యక్ష ఎన్నికల్లో పత్రిక ఐసెన్‌హోవర్‌ను బలపరిచింది, హెర్బ్‌లాక్ మాత్రం ప్రత్యర్థి స్టీవెన్సన్ వైపు. ప్రచారం చివరి రోజుల్లో యాజమాన్యం ఆయన కార్టూన్లు ఆపేసింది. సిండికేట్ ద్వారా అవే బొమ్మలు వేరే పత్రికల్లో వచ్చేసరికి పోస్ట్‌కే తలవంపులయింది. ఆ తర్వాత ఆయనకు పూర్తి స్వేచ్ఛ దొరికింది. అంటే అదే పత్రిక 1952లో తప్పు చేసి దిద్దుకుంది. ఈసారి దిద్దుకోలేదు. 2025 ఫిబ్రవరిలో ఇకపై ఒపీనియన్ పేజీలు వ్యక్తి స్వేచ్ఛ, స్వేచ్ఛా విపణి అనే రెండింటినే సమర్థిస్తూ రాస్తాయని బెజోస్ ప్రకటించారు. షిప్లీ కూడా తప్పుకున్నారు.

అదే నెలలో మన దేశంలో తమిళ పత్రిక వికటన్ వెబ్‌సైట్‌ను కేంద్ర ప్రభుత్వం ఆపేసింది. ట్రంప్ పక్కన సంకెళ్లతో కూర్చున్న ప్రధాని మోదీ కార్టూన్ అందుకు కారణం. మద్రాసు హైకోర్టు మార్చిలో సైట్‌ను తెరవమంది, ముందు ఆ కార్టూన్‌ను తీసి పక్కన పెట్టాలన్న షరతుతో. ప్రభుత్వం ఆపితే అందరికీ తెలుస్తుంది, కోర్టు ఉంటుంది, చర్చ జరుగుతుంది. యజమాని కోసం ఆపినది మాత్రం ఎడిటర్ టేబుల్ దాటదు. ఆగిపోయిన స్కెచ్‌ను పాఠకుడు ఎన్నడూ చూడడు. టెల్నేస్ చేసిన గొప్ప పని నా దృష్టిలో రాజీనామా కన్నా, ఆ రఫ్ స్కెచ్‌ను సబ్‌స్టాక్ అనే ఆన్‌లైన్ వేదికలోని తన పేజీలో పెట్టి లోకానికి చూపించడం. 2025 మేలో పులిట్జర్ బోర్డు మళ్లీ ఆమెకే బహుమతి ఇచ్చింది. పత్రికను వీడేదాకా తీసుకెళ్లిన నిర్భీతిని ప్రశంసాపత్రంలోనే ప్రస్తావించింది. విజేతల జాబితాలో ఆమె పేరు పక్కన ఉన్నది మాత్రం వాషింగ్టన్ పోస్ట్ పేరే.

ఆమెకు పేరుంది, సొంత పాఠకులున్నారు, బయటకు రాగలిగారు. అందరికీ ఆ వీలు ఉండదు. 2023 జులైలో అమెరికాలోని మెక్‌క్లాచీ పత్రికల గ్రూపు ఒకే రోజు ముగ్గురు పులిట్జర్ విజేతలైన కార్టూనిస్టులను ఇంటికి పంపింది. అంతటి వాళ్లకే ఉద్యోగ భద్రత లేనప్పుడు, తెలుగు దినపత్రికలో నెల జీతం మీద బతికే కార్టూనిస్టు పరిస్థితి ఊహించవచ్చు. మన దగ్గర ఏ పత్రిక ఏ పార్టీ వైపో పాఠకుడికి ముందే తెలుసు. కార్టూనిస్టుకు ఇంకా బాగా తెలుసు. అందుకే ఇక్కడ చాలా బొమ్మలు ఎడిటర్ దాకా కూడా వెళ్లవు, మనసులోనే ఆగిపోతాయి. పెద్దగా ఖర్చు లేని ఏర్పాటు ఒకటి సాధ్యమే. పత్రిక వద్దన్న కార్టూన్‌ను కార్టూనిస్టు తన పేరుతో బయట ప్రచురించుకోవచ్చని నియామక పత్రంలోనే ఒక వాక్యం రాయాలి. దాని మీద యజమాని సంతకం ఉండాలి.